గస్తీ 53 – ఆరో ప్లేటు

మాది పెద్దకొడప్‌గల్. చిన్నప్పుడు కార్తీకంలో చెట్ల కింద పొయ్యి పెట్టుకుంటే అడిగేవాడే లేడు. హ్యూస్టన్ వచ్చాక వనభోజనాలంటే ముందు షెల్టర్ బుక్ చేయాలి, ఫీజు కట్టాలి. గొణుక్కుంటూ కట్టేశాం.. ఇక్కడ పద్ధతి అంతే అనుకున్నా.

కానీ నలుగురు ఒకచోట చేరాలంటే పర్మిషన్ అడగడం మనకి కొత్తేమీ కాదండీ. నిజాం సర్కారు 1929లో గస్తీ నిషాన్ 53 తెచ్చింది. గస్తీ అంటే సర్క్యులర్. దాని ప్రకారం సభ పెట్టాలంటే ముందే అనుమతి కావాలి. 'ఖాన్గీ' బడి, అంటే ప్రైవేటు బడి, పెట్టాలన్నా అనుమతే! అందుకే 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభ, మాకు రాజకీయాలతో పని లేదు, భాష, గ్రంథాలయాలు, సంఘ సంస్కరణ చాలంటూ నడిచింది. 1937లో మా జిల్లా కేంద్రం నిజామాబాద్‌లో (కామారెడ్డి జిల్లా వచ్చింది 2016లో కదా) జరిగిన సభకి అధ్యక్షుడు మందుముల నరసింగరావు. ఆయన ఉర్దూ పత్రిక 'రయ్యత్'ని సర్కారు అంతకుముందే మూయించింది. ఇక 1938లో స్టేట్ కాంగ్రెస్‌నైతే పుట్టకముందే నిషేధించారు. సర్కారు భయం సభ గురించి కాదు, సభకొచ్చేది ఎవరన్న దాని గురించి.

హ్యూస్టన్‌లోనూ నాకదే కనిపించింది. 2012లో సిటీ ఒక ఆర్డినెన్స్ చేసింది. స్థలం యజమాని ఒప్పుకోకుండా, అవసరంలో ఉన్నవాళ్లకి అయిదుగురికి మించి ఉచితంగా తిండి పెట్టకూడదు. పార్కుకి యజమాని ఎవరు? సిటీయే! శుభ్రత కోసం అంటారు. మరి అయిదో ప్లేటు దాకా శుభ్రంగా ఉన్న అన్నం ఆరో ప్లేటుకి ఎలా పాడవుతుందో నా బుర్రకి అందలేదు. మా వనభోజనాలకి అరవై మంది వస్తారు, ఆ లెక్క ఎవరూ అడగరు. మేం ఇళ్లున్నవాళ్లం మరి.

సెంట్రల్ లైబ్రరీ దగ్గర ఏళ్ల తరబడి శాకాహారం వడ్డిస్తున్న 'ఫుడ్ నాట్ బాంబ్స్' వాలంటీర్లకి 2023 మార్చి నుంచి పోలీసులు టికెట్లు రాయడం మొదలెట్టారు. జూలైలో మొదటి కేసు జ్యూరీ ముందుకొచ్చింది. నిర్దోషి అన్నారు. వడ్డన ఆగలేదు, 2024 దాకా టికెట్లూ ఆగలేదు.