గేటు దగ్గర ఆగిపోయిన రిజిస్టరు

తెలంగాణలో 2015 నుంచి ఏటా జనవరిలో 'ఆపరేషన్ స్మైల్', జులైలో 'ఆపరేషన్ ముస్కాన్' జరుగుతున్నాయి. ఆ నెలల్లో పోలీసులు, కార్మిక శాఖ వాళ్లు, సేవాసంస్థల కార్యకర్తలు కలిసి కార్ఖానాలు, ఇటుక బట్టీలు, హోటళ్లు గాలిస్తారు. జీడిమెట్ల లాంటి పారిశ్రామికవాడలో ఏ షెడ్డులోనో పనిచేస్తున్న పిల్లవాడు దొరికితే, వాణ్ని బయటికి తీసుకురావడంతో పని అయిపోదు. ఆ సాయంత్రమో మర్నాడో వాడికి ఎదురుగా ఒక సోషల్ వర్కర్ కూర్చోవాలి. చేతిలో ఒక ఫారం ఉంటుంది. బాలల న్యాయ చట్టం కింద 2016లో వచ్చిన నమూనా నిబంధనల్లో దాని నంబరు 22. పూర్తిపేరు సామాజిక విచారణ నివేదిక. ఆ పని చేసేవాళ్లు దాన్ని ఎస్‌ఐఆర్ అంటారు.

విచారణ పూర్తిచేయడానికి చట్టం ఇచ్చిన గడువు 15 రోజులు. ఈలోగా పిల్లవాడి ఊరు, ఇల్లు, చదువు, ఆరోగ్యం, చేసిన పని, అందిన కూలి, తిన్న దెబ్బలు, అన్నీ కాగితం మీదికి రావాలి. పిల్లవాడు మాట్లాడేది భోజ్‌పురి కావచ్చు, ఒడియా కావచ్చు. అడిగేవాళ్లు హిందీలో అడుగుతారు. జవాబును మనసులో తెలుగులోకి తిప్పుకుంటారు. రాసేది చాలాసార్లు ఇంగ్లిషులో. బాలల సంక్షేమ కమిటీ వాణ్ని ఇంటికి పంపాలా, హోమ్‌లో ఉంచాలా, అసలు ఆ ఇల్లే వాణ్ని పనికి అమ్మిందా అని తేల్చుకునేటప్పుడు చూసేది ఈ కాగితాన్నే.

మనిషి కష్టాన్ని కాగితం మీద పెట్టే ఈ విద్యకు హైదరాబాద్ గడ్డ మీద పెద్ద చరిత్రే ఉంది.

నిజాం కాలంలో కష్టం చెప్పుకోవాలంటే అర్జీ పెట్టుకోవాలి. 1880లలో పర్షియన్ పోయి ఉర్దూ రాజభాష అయింది. తెలుగు రైతుకు, కూలీకి రెండూ రావు. చెప్పేది ఒకరు, రాసేది మరొకరు. తన గురించి ఏం రాశారో తెలియకుండానే వేలిముద్ర వేసేవాడు. అలాంటి రోజుల్లో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి దళితుల కోసం బడులు నడిపించాడు. ఆయన పోరాటంలో ఒక భాగం అచ్చంగా కాగితానికి సంబంధించినదే. తమ వాళ్లను జనాభా లెక్కల్లో ఏ పేరుతో రాయాలన్నది ఆయన అడిగిన ప్రశ్న. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాద్ సంస్థానం వాళ్లను 'ఆది హిందువులు' అని నమోదు చేసింది. లెక్కల పుస్తకంలో ఒక గడికి పెట్టే పేరు మనిషి మర్యాదను నిలబెడుతుందని, తీసేస్తుందని ఆయన అప్పటికే గ్రహించాడు.

పదేళ్లు తిరక్కుండానే ఆదిలాబాద్ అడవుల్లో ఇంకో రకం రాత మొదలైంది. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కొమరం భీమ్‌ను చంపిన తరువాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల సంస్థానం దాటి వెళ్లలేక ఇక్కడే ఉండిపోయిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య ఎలిజబెత్ మార్లవాయిలో గోండుల మధ్య కాపురం పెట్టారు. ఆయన దూరం నుంచి విని రాయలేదు. వాళ్ల భాష నేర్చుకుని, వాళ్లతో తిరిగి, ఏ భూమి ఎవరి చేతిలోంచి ఎలా జారిపోయిందో రాశాడు. ఆ నివేదికలు 1945లో 'ట్రైబల్ హైదరాబాద్' పేరుతో అచ్చయ్యాయి. వాటి ఆధారంగా గోండులకు వేల ఎకరాలకు పట్టాలు వచ్చాయి, మార్లవాయిలో ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం వచ్చింది, గోండీలో వాచకాలు వచ్చాయి. సంస్థానంలో సోషల్ సర్వీస్ శాఖ ఏర్పడింది. గిరిజన ప్రాంతాల్లో పనిచేసే అధికారికి ముందు చూడటం, వినటం నేర్పాలనీ, ఆ తరువాతే రాయటం అనీ ఆ శాఖ ఆలోచన. ఆ దంపతుల సమాధులు ఇప్పటికీ మార్లవాయిలో ఉన్నాయి.

అప్పటికి బొంబాయిలో ఈ పని ఒక చదువుగా మారింది. 1936లో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ డైరెక్టరుగా సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ మొదలైంది. మనకు టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)గా తెలిసిన సంస్థ అదే. అదే ఏడాది అమెరికాలో గోర్డన్ హామిల్టన్ అనే అధ్యాపకురాలు కేసు రికార్డు రాయడం గురించే ఒక పుస్తకం తెచ్చింది. అంతకు ముందే, 1917లో, అక్కడి సోషల్ వర్కర్ మేరీ రిచ్‌మండ్ తన 'సోషల్ డయాగ్నోసిస్'లో ఒక గీత గీసింది. కళ్లతో చూసింది వేరు, ఒకరు చెప్పగా విన్నది వేరు, పరిస్థితులను బట్టి ఊహించింది వేరు, ఈ మూడింటినీ కలిపేయకూడదని ఆమె చెప్పింది. సోషల్ వర్క్ విద్యార్థులకు నేర్పే రాతకు పునాది ఈ గీతే. ఇంటికెళ్లి మాట్లాడి వచ్చిన విద్యార్థి తను ఏం అడిగాడో, ఎదుటివాళ్లు ఏమన్నారో, ఎక్కడ మౌనంగా ఉండిపోయారో, తనకేమనిపించిందో వరసగా రాయాలి. మాస్టారు మార్జిన్‌లో ప్రశ్నలు వేస్తారు. దీన్ని ప్రాసెస్ రికార్డింగ్ అంటారు. ఎంఎస్‌డబ్ల్యూ చదివినవాళ్లు ఆ నోట్‌బుక్కులను మరిచిపోలేరు.

తెలుగునాట సేవాసంఘాల రాతను మలుపు తిప్పింది దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టిన ఆమె 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. బోర్డు పని స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇవ్వడం. గ్రాంటు కావాలంటే దరఖాస్తు రాయాలి, లెక్కలు చూపాలి, ఏడాది తిరిగేసరికి ఏం చేశారో నివేదిక పంపాలి. అప్పటిదాకా దాతల పేర్లు, సభల వర్ణనలతో నిండే సేవాసంఘాల పుస్తకాల్లోకి ఎంతమంది వచ్చారు, ఎంతమంది చదువు పూర్తిచేశారు అనే ప్రశ్నలు చేరాయి. దానివల్ల లాభమూ జరిగింది, నష్టమూ జరిగింది. పనికి జవాబుదారీ వచ్చింది. గ్రాంటు ఇచ్చేవాళ్ల కోసం రాసే రాత వేరు, మనిషి కోసం రాసే రాత వేరు అయ్యాయి. అంకెలో 'లబ్ధిదారు'గా కనపడే ఆడమనిషి కథ ఇంకెక్కడా ఉండదు. ఆ రెండు రాతల మధ్య లాగులాట ఈ వృత్తిలో ఇప్పటికీ తీరలేదు.

ఇక కార్ఖానాల సంగతి. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ ప్రకారం 500 మంది లేదా అంతకు మించి కార్మికులు ఉన్న ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాల్సి వచ్చేది. మన దేశంలో సోషల్ వర్క్ చదివినవాళ్లకు ఉద్యోగాలు తెచ్చిన పెద్ద తలుపు ఇదే. 1960లలో బాలానగర్‌లో ఐడీపీఎల్, చింతల్‌లో హెచ్‌ఎంటీ లాంటి పెద్ద ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలు వచ్చాయి. అంతటి ఫ్యాక్టరీలో కార్మికుడి గాయం, సెలవు, అప్పు, క్వార్టరు గొడవ, క్యాంటీన్ ఫిర్యాదు ఒక రిజిస్టరులోకి ఎక్కేవి. వాటిని రాయడానికి ఒక మనిషి, ఒక గది, ఒక బీరువా ఉండేవి.

1970లలో ఆ పక్కనే జీడిమెట్ల పారిశ్రామికవాడ పెరిగింది. మందుల ముడిసరుకులు, రసాయనాలు, ప్లాస్టిక్, ఇనుప సామాను, ఫౌండ్రీలు. ఎక్కువ భాగం చిన్న, మధ్యతరహా యూనిట్లు. ఒక్కో షెడ్డులో ఇరవై, నలభై, వంద మంది. చట్టంలోని అంకెలు ఇక్కడ గట్టి దెబ్బ తీశాయి. వెల్ఫేర్ ఆఫీసర్ కావాలంటే 500 మంది ఉండాల్సి వచ్చేది. క్యాంటీన్‌కు 250 మందికి పైగా కావాల్సి వచ్చేది. విశ్రాంతి గదికి 150 మందికి పైగా కావాలి అనేది నియమం. పిల్లల గదికి 30 మందికి పైగా స్త్రీలు ఉండాల్సి వచ్చేది. వాడ మొత్తం కలిపితే వేల మంది కార్మికులు. ఏ గేటుకు ఆ గేటు లెక్కేస్తే చట్టానికి సరిపోయేంత మంది లేరు. వ్యర్థజలాలకు మాత్రం యూనిట్లన్నీ కలిసి ఒక ఉమ్మడి ఏర్పాటు చేసుకోగలిగాయి. 1989లో మొదలైన జీడిమెట్ల ఎఫ్లుయెంట్ ట్రీట్‌మెంట్ కంపెనీ దేశంలోనే ఆ తరహా తొలి ప్రయత్నాల్లో ఒకటి. కార్మికుల కష్టాలు రాసిపెట్టే ఉమ్మడి రిజిస్టరు లేదు. వెల్ఫేర్ ఆఫీసర్ రాత ఆ చిన్న గేట్ల దగ్గర ఆగిపోయింది.

ఆగిపోయిన చోటుకే వలస కార్మికులు వచ్చారు. మొదట పాలమూరు, శ్రీకాకుళం వైపు నుంచి, తరువాత ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి. షాపూర్‌నగర్, గాజులరామారం, సూరారం, సుభాష్‌నగర్, జగద్గిరిగుట్టల్లో ఒక గదికి ఆరేడుగురు చొప్పున సర్దుకున్నారు. వాళ్ల పేర్లు లేబర్ కాంట్రాక్టరు హాజరుపట్టీలో ఉంటాయి, లేదంటే ఎక్కడా ఉండవు. 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఈ లోటును రాతతోనే పూడ్చాలని చూసింది. కాంట్రాక్టరు ప్రతి వలస కార్మికుడికీ ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాల్సి ఉండేది. అందులో పనిచేసే చోటు, ఎన్నాళ్లు పని, కూలి ఎంత, వలస భత్యం ఎంత, తిరుగు ప్రయాణ ఖర్చు ఎంత, కోతలు ఎన్ని అన్నీ ఉండాల్సింది. హిందీ, ఇంగ్లిషుల్లోనే చాలదు, కార్మికుడి సొంత భాషలో కూడా ఉండాలని చట్టం చెప్పింది. నిజాం నాటి అర్జీలో వేలిముద్ర వేసినవాడికి దక్కని హక్కు అది. ఆ పాస్‌బుక్ ఇచ్చినచోట ఒడియా కూలీ తన కూలి రేటు తానే చదువుకోగలిగేవాడు. ఇవ్వని చోట మేస్త్రీ నోటిమాటే లెక్క.

ఈ కథలో మరో మలుపు అప్పటి రంగారెడ్డి జిల్లాలో వచ్చింది. జీడిమెట్ల అప్పుడు ఆ జిల్లాలోదే. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేర 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వంలో 1991 నుంచి బాలకార్మికుల మీద పని మొదలుపెట్టింది. బడికి వెళ్లని ప్రతి పిల్లా పిల్లవాడూ బాలకార్మికులే అన్నది వాళ్ల సూత్రం. ఆ సూత్రం రాతను కూడా మార్చింది. 'పని చేస్తున్నాడా' అని అడిగితే తల్లిదండ్రులు లేదంటారు. 'బడిలో ఉన్నాడా' అని అడిగితే దాపరికం కుదరదు. ఊళ్లోనే పుట్టి పెరిగిన యువతీయువకులు ఇంటింటికీ తిరిగి పిల్లల పేర్లు తెలుగులో రాసుకున్నారు. మనిషి గురించి రాసే పని ఆఫీసరు బల్ల మీది నుంచి ఊరి అరుగు మీదికి వచ్చింది. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు.

2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద ఉమ్మడి రాష్ట్రంలో జరిగిన సామాజిక తనిఖీలు ఇంకో అడుగు వేశాయి. మస్టర్ రోల్‌లో ఎవరి పేరున ఎన్ని రోజుల పని రాశారో గ్రామసభలో పైకి చదివారు. తన పేరు విన్న కూలీ లేచి నిలబడి 'ఆ వారం నేను పనికే పోలేదు' అని చెప్పగలిగాడు. కాగితం ఎవరి గురించో వాళ్ల ముందే దాన్ని చదవడం తనిఖీకి ప్రాణం.

2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి 200 మందికి పైగా పిల్లలను పోలీసులు విడిపించినప్పుడు ఈ రాత విద్య విలువ నగరానికి తెలిసివచ్చింది. చాలామంది బిహార్ పిల్లలు. ప్రతి ఒక్కరికీ వేరే ఊరు, వేరే ఇల్లు, వేరే అప్పు. గుంపుగా విడిపించవచ్చు, నివేదిక మాత్రం ఒక్కొక్కరికీ విడిగా రాయాలి.

ఆ నివేదిక ఎలా ఉండాలన్న దగ్గర రిచ్‌మండ్ గీసిన గీత మళ్లీ పనికొస్తుంది. 'బాలుడు మొండివాడు, సహకరించలేదు' అని రాస్తే అది తీర్పు. 'మూడు ప్రశ్నలకు జవాబు చెప్పలేదు. నాన్న పేరు అడిగినప్పుడు తల దించుకున్నాడు. అన్నం పెట్టాక తమ్ముడి సంగతి తనంతట తానే చెప్పాడు' అని రాస్తే అది సాక్ష్యం. 'వయసు సుమారు 13' అని వదిలేస్తే కమిటీకి దారి దొరకదు. ఎవరు చెప్పారు, బడి సర్టిఫికెట్టు ఉందా, పంచాయతీ ఇచ్చిన పుట్టిన తేదీ కాగితం ఉందా అని రాయాలి. బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ వరస అదే: ముందు బడి కాగితాలు, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన పత్రం, రెండూ లేనప్పుడే వైద్య పరీక్ష. 'కుటుంబం పేదది' అనే రెండు ముక్కల్లో ఏమీ లేదు. మేస్త్రీ దగ్గర ఎంత అడ్వాన్సు తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, ఎంత తీరింది అని అడిగి రాస్తేనే వెట్టి ఉందో లేదో తేలుతుంది. పిల్లవాడి పేరు, ముఖం బయటికి పొక్కకూడదని అదే చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. పేపరువాళ్లతో పాటు బల్ల మీద ఫైలు తెరిచిపెట్టి టీకి వెళ్లే కార్యకర్త కూడా ఆ మాట గుర్తుంచుకోవాలి.

గచ్చిబౌలిలో రోడా మిస్త్రీ పేరుతో ఉన్న సోషల్ వర్క్ కళాశాల, నగరంలోని టిస్ కేంద్రం, విశ్వవిద్యాలయాలు ఈ వృత్తికి మనుషులను తయారుచేస్తున్నాయి. వాళ్లలో చాలామంది తెలుగు మీడియంలో చదివి వచ్చిన పల్లె పిల్లలు. వినడంలో, మనిషిని ఓదార్చి మాట రాబట్టడంలో వాళ్లకు తిరుగుండదు. ఇంగ్లిషు ఫారం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగుతుంది. పాత నివేదికల్లోంచి ఎత్తిన పడికట్టు వాక్యాలు ఆ ఖాళీల్లో చేరతాయి. అక్కడ ఆ పిల్లవాడు మాయమవుతాడు. ముందు తెలుగులో, విన్నది విన్నట్టు, తేదీ వేసి రాసుకుని, తరువాత ఫారం భాషలోకి మార్చుకునే అలవాటును చదువులోనే పెట్టాలి. మార్లవాయిలో పనికొచ్చిన పద్ధతి జీడిమెట్లలోనూ పనికొస్తుంది.

కమిటీ పిల్లవాణ్ని ఇంటికి పంపాలని నిర్ణయిస్తే, వాడితో పాటు ఆ నివేదిక కూడా రైలెక్కుతుంది. దాన్ని అందుకునే జిల్లా బాలల సంరక్షణ విభాగం మనిషి వాణ్ని మునుపు చూసి ఉండడు, జీడిమెట్ల పేరు విని ఉండడు. ఏ ఇంటి తలుపు తట్టాలో, ఆ ఇంట్లో ముందు ఎవరితో మాట్లాడాలో, ఏ మేస్త్రీ మళ్లీ వస్తే అనుమానించాలో ఆ నాలుగు పేజీల్లో రాసి ఉంటేనే అతనికి తెలుస్తుంది.