వీధిలో పడుగు, ఇరుగుపొరుగు తగవు

మన నేత కుటుంబాలకు మగ్గం ఇంట్లో ఉన్నా సగం పని వీధిలోనే జరిగేది. ఇప్పటి పిల్లలకు చెబితే వింతగా చూస్తారు. ఆరు గజాల చీరలు నాలుగు వచ్చే పడుగు అంటే 24 గజాల పొడవు. దాన్ని సాగదీసి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలంటే ఎవరింట్లో అంత చోటుంది? అందుకని తెల్లవారకముందే వీధిలో కర్రలు నాటేవాళ్ళం. ఎండ ముదిరితే గంజి గబగబా ఆరిపోయి పోగులు తెగుతాయి, పొద్దెక్కేలోగా పని ముగియాలి. కంచిలో పావు అన్నా, కన్నడ దేశంలో హాసు అన్నా, షోలాపూరులో తాణా అన్నా పడుగు పడుగే. దానికి చోటు కావలసిందే.

కానీ వీధి అందరిదీ. ఒక ఇంటివాళ్ళు దాన్ని ఎంతసేపు, ఎంతమేర వాడుకోవచ్చు అన్నది పాత తగవే.

మద్రాసు పట్నంలో కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు అని రెండు పక్షాలుండేవి. ఏ వీధి ఎవరిది, ఎవరి ఊరేగింపు ఎటు పోవాలి అని 1707లో పెద్ద గొడవ జరిగింది. ఆ తరువాత 1734లో కుంపిణీ వారు కూవం ఒడ్డున, సుంకురామ చెట్టి తోట ఉన్న చోట చింతాద్రిపేట వేయించారు. చిన్న తరి పేట అనే మాట నుంచి ఆ పేరు వచ్చిందంటారు. తమిళంలో తరి అంటే మగ్గం. నేసేవాళ్ళు, వడికేవాళ్ళు, అద్దకం వాళ్ళు, గుడ్డలు ఉతికేవాళ్ళు కాపురముండటానికి వేసిన పేట అది. కుంపిణీకి కావలసింది గుడ్డ. అయినా ఒక పనివాళ్ళంతా ఒకచోట ఉండటంలో మనకూ మేలుంది. ఇవాళ నీ పడుగు, రేపు నా పడుగు. పక్కింటి అన్న వచ్చి ఓ చేయి వేసేవాడేగాని అడ్డం వచ్చేవాడు కాదు.

అలాంటి వీధుల్లో రాయని కట్టుబాట్లు ఉండేవి. ముందురోజే ఇరుగుపొరుగుకు చెప్పాలి. ఒకే వీధిలో ఇద్దరికి పని పడితే వంతు వేసుకోవాలి. శవం వచ్చినా, పురిటి మనిషి వచ్చినా పడుగు పైకెత్తి దారి ఇవ్వాలి. పని అయ్యాక కర్రలు పీకి, గుంటలు పూడ్చి, గంజి మరకలు కడగాలి. ఎక్కువ వాడుకున్నవాళ్ళు ఎక్కువ శుభ్రం చేయాలన్నది మన పెద్దల లెక్క.

చట్టం లెక్క వేరు. 1860 నాటి శిక్షాస్మృతిలో 283వ సెక్షను ప్రకారం దారికి అడ్డం పెడితే 200 రూపాయల దాకా జరిమానా. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త న్యాయ సంహితలో అదే 285వ సెక్షను, జరిమానా 5,000 దాకా. ఆ సెక్షనుకు పడుగు అయినా ఒకటే, బండి అయినా ఒకటే.

వీధి కొళాయి సంగతీ అంతే. మామూలు ఇంటికి నాలుగు బిందెలు చాలు. అద్దకం ఇంట్లో నూలు చిలపలు ఉడికించి, రంగు దిగేదాకా నాలుగైదు సార్లు జాడించాలి. ఆ ఇంటివాళ్ళు కొళాయి దగ్గర నిలబడితే వెనక ఉన్న ఆడవాళ్ళ బిందెలు ఖాళీగానే ఉంటాయి. పైగా రంగునీళ్ళు వాళ్ళ గుమ్మం ముందు కాలవలో పారతాయి. "ఏం వదినా, నీళ్ళన్నీ మీకేనా?" అని ఆమె అడిగితే తప్పు పట్టలేం.

ఇప్పుడు మన వీధుల్లో మగ్గాల ఇళ్ళు తగ్గాయి. ఇటు ఉద్యోగస్తులు, అటు కొట్టువాళ్ళు. పొద్దున్నే స్కూలు వ్యాను రావాలి, మోటారు సైకిలు పోవాలి. షోలాపూరు లాంటి చోట్ల పవర్‌లూమ్‌లు వచ్చాక గంజి పని సైజింగ్ షెడ్లకు పోయింది. చేతిమగ్గం మీద బతికేవాళ్ళలో ఇంకా వీధినే నమ్ముకున్నవాళ్ళున్నారు. కోపంలో ఎవరో కర్రలు పీకేస్తే 24 గజాల నూలు చిక్కుపడుతుంది. ఆ ఇంట్లో కొన్నాళ్ళ కూలి పోతుంది. పీకినవాళ్ళకు ఆ లెక్క తెలియదు, మనం చెప్పలేదు కాబట్టి.

అందుకని సమాఖ్యలోని సంఘాలన్నిటికీ మా మనవి. పాత కట్టుబాట్లు కాగితం మీద పెట్టండి. ఏ వీధిలో, ఏ రోజుల్లో, ఎన్ని గంటల దాకా పడుగు పడతామో వార్డు మెంబరుకూ, ఇరుగుపొరుగుకూ ముందే చెప్పి ఒప్పించండి. అద్దకానికి సొసైటీ బోరు ఉంటే కొళాయి జోలికి పోవద్దు. స్థలం దొరికిన ఊళ్ళో పొడవాటి షెడ్డు ఒకటి అడగండి, అందరం వంతులవారీగా వాడుకుందాం. షెడ్డు వచ్చేదాకా వీధి కావాలి. పక్కింటివాళ్ళు సరేనంటేనే అది మనకు దొరుకుతుంది.