చెర్నకోల ఎవలది?

మా ఇంట్ల దూలానికి ఒక మేకు ఉంది. ఆ మేకుకు ఒక చెర్నకోల వేలాడుతుంటది. మా తాత చేతులతో అల్లింది. పిడి వెదురుది, రెండు జానల పొడుగు. పిడికి మేకతోలు చుట్టి ఉంటది. పిడి నుంచి కొసదాకా నాలుగు వార్ల జడ. పైన బొటనవేలంత లావుంటది, పోనుపోను సన్నగై కొసకాడ చిటికెనవేలులో సగం. ఇంటికొచ్చిన దోస్తులు దాన్ని చూసి ‘ఇదేందన్నా, దొర గడీల ఉండాల్సింది నీ ఇంట్ల ఉంది?’ అంటరు. మాదిగోని ఇంట్ల కొరడా ఎందుకన్నది వాళ్ల ప్రశ్న. చాలా ఏండ్లు నేను నవ్వి ఊకున్నా. ఇప్పుడు రాస్తున్న.

మాది రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం దగ్గరి ఒక పల్లె. 1978లో ఈ జిల్లా ఏర్పడకముందు హైదరాబాదు జిల్లాలో ఉండేది. 1550 నుంచి 1580 దాకా గోల్కొండనేలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరు మీద ఊరుంది, ఊరికి పెద్ద చెరువుంది. రాజు పేరు చరిత్ర పుస్తకాలకెక్కింది. చెరువు ఎండిన ఏడు బావుల మీద మోట కొట్టి పంట నిలబెట్టిన్రు. ఆ మోటకు తొండం కుట్టినోడు, ఎద్దులకు పలుపులు పేనినోడు, రైతు కాలికి చెప్పు తొడిగినోడు ఏ పుస్తకంలా లేడు. వాడు మా తాత. వాని తాత.

తోలు ఎట్ల తయారైతదో మా పిల్లలకు తెల్వదు. అందుకే చెప్తున్న. ఊర్లె గొడ్డు సస్తె కబురు మాకే వస్తది. మోసుకొచ్చి తోలు ఒలిచి, సున్నం నీళ్లల్ల నానబెడ్తరు. కొన్ని దినాలకు వెంట్రుక ఊడివస్తది. రంపెతోని గీకి, కడిగి, సున్నం పోయేదాక పిసుకుతరు. ఆ తర్వాత లంద గోలెంల తంగేడు చెక్క నీళ్లు. వారాల తరబడి తిప్పుకుంట, చెక్క మార్చుకుంట ఉండాలె. పచ్చితోలు కుళ్లిపోయేది, తంగేడు తాగిన తోలు ఏండ్లకేండ్లు నిలుస్తది. ఇది రసాయనశాస్త్రం. మా వాళ్లకు ఆ మాట తెల్వదు, పని తెలుసు. లంద కంపని ఊరోళ్లు ముక్కు మూసుకున్నరు, మమ్మల్ని ఊరవతల పెట్టిన్రు. ఆ కంపులకెళ్లి వచ్చిన చెప్పులేసుకొనే గుడికాడిదాక పోయిన్రు. 2014లో తంగేడు పువ్వు తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. బతుకమ్మ మీద పేర్చే పువ్వని అందరికీ తెలుసు. దాని చెక్క మాదిగవాడ గోలెంల నానిందని ఎవరూ తలుచుకోరు.

చెర్నకోలకు వారు తీసుడు ఒక విద్య. మా తాత తోలును గుండ్రంగ కోసుకొని, అంచు నుంచి మొదలువెట్టి చుట్టుకుంట చుట్టుకుంట నడిమి దాక కోస్తుండె. జానెడు ముక్కల నుంచి బారలకొద్దీ అతుకులేని వారు వస్తది. రంపె ఒక్కసారి జారితె వారు తెగినట్టే. వారును తడిపి, చెట్టుకు కట్టి సాగదీసి, తడి ఆరకముందే జడ అల్లాలె. ఆరినంక జడ బిగుసుకుంటది. ఆఖరికి చెక్కగూటంతోని మెల్లగ కొట్టి గుండ్రం చేస్తుండె. కొసకు నూలుపోగు కట్టుడుతోని పని అయిపోతది.

ఇంత పని చేసినంక దానికి ధర ఎంత? రైతులు కళ్లం కాడ మేర ఇస్తుండె. తూరుపారబట్టినంక అడుగున మిగిలిన మట్టిగింజలైనా సరే, ఏదో ఒకటి దొరికేది. దొరకాడ అదీ లేదు. అక్కడ వెట్టి. మాదిగోళ్లు దొర సేద్యానికి కావాల్సిన తోలు సామాన్లన్నీ ఊకెనే చేసియ్యాలె. మా ఒక్క ఊరి ముచ్చట కాదిది. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద 1972లో తెచ్చిన పుస్తకంలో వెట్టి ఏ కులం మీద ఎట్లా పడిందో రాసిండు. అందులో మా పని కూడా ఉంది. 1936లో నిజాం సర్కారు భగేలా ఒప్పందాల మీద నిబంధనలు తెచ్చింది, 1943లో చట్టం చేసింది. కాయితం హైదరాబాదులనే ఆగింది. 1946 నుంచి 1951 దాకా సాయుధపోరాటం నడిచింది, 1949లో జాగీర్లు పోయినయి, 1950లో రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. మా తాత అప్పుడు కూడా దొరకు చెప్పులు కుడుతనే ఉన్నడు. వెట్టి పేరు మారి జీతమైంది. పెండ్లికి తెచ్చిన అప్పు కింద మా నాయిన దొర ఇంట్ల జీతగాడైండు.

ఇప్పుడు ఈ చెర్నకోల ముచ్చట. 1970లల్ల దొర కొత్త ఎద్దుల జత తెచ్చిండు. వాటికి చెర్నకోల కావాలన్నడు. మా తాత నెలదినాలు పడి ఇది అల్లి ఇచ్చిండు. పైస ఇయ్యలేదు, గింజ ఇయ్యలేదు. దీన్ని చేతపట్టి ఎద్దుల తోలింది మా నాయిన. తండ్రి అల్లిండు, కొడుకు తోలిండు, ఎద్దులు దొరవి, భూమి దొరది. ఒక వానకాలం తెల్లారి మా నాయిన జరంతోని పనికి పోలేదు. మనిషిని పంపి గుంజుకపోయిన్రు. దొర అదే చెర్నకోల అందుకొని వీపు మీద మూడు దెబ్బలు కొట్టిండు. ఆ రాత్రి మా అవ్వ పసుపు, నూనె రాస్తుంటె మా తాత వాకిట్ల కూసొని తన చేతుల దిక్కు చూసుకున్నడట. నేను అప్పుడు పసిపోరణ్ని. ఈ మాట మా అవ్వ చెప్తే విన్న.

చెర్నకోల ఎద్దును కొట్టెతందుకు కాదని మా తాత అంటుండె. ‘గాలిల ఇసరాలె. చప్పుడుకే ఎద్దు కదుల్తది. ఎద్దును కొట్టెటోనికి సేద్యం రాదు.’ ఆ చప్పుడు ఎట్లొస్తదో పెద్దగైనంక సదువుకున్న. పిడి కాడ చిన్న ఊపు ఇస్తె, జడ సన్నబడిన కొద్దీ ఆ ఊపు వేగం పెరిగి, కొస శబ్దం కంటె జోరుగ పోతదట. అందుకే గాలి పగిలినట్టు మోగుతది. జడ ఎక్కడ ఎంత సన్నం చెయ్యాలె అన్నదే విద్య. ఆ విద్య ఉన్నోనికి ఎద్దు లేదు. ఎద్దున్నోనికి ఆ విద్య తెల్వదు, మనిషి వీపు తెలుసు.

1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. దాని ప్రకారం జీతగాని అప్పు రద్దయితది. మా దగ్గరికి ఆ కబురు చేరెతందుకు దాదాపు పదేండ్లు పట్టింది. ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం 1980లల్ల ఊరూరు తిరిగింది. దానిల పనిచేసిన గీతా రామస్వామి 2022లో ‘ల్యాండ్, గన్స్, క్యాస్ట్, వుమన్’ అనే పుస్తకంలో ఆ రోజులు రాసింది. సాంఘిక సంక్షేమ శాఖ చూసిన ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారి పైన ఉండుడు కూడా ఆ కాలంల పేదలకు ఒక ధైర్యం. కూలీరేటు, జీతగాండ్ల విడుదల, కౌలుదార్ల భూమి, ఇవన్నీ అప్పుడే మా వాడల మాట్లాడుకునే ముచ్చట్లయినయి.

మా నాయిన దరఖాస్తు పెట్టిండు. దొర గడపదాటి వచ్చిన దినం భుజం మీద గొంగడి, చేతిల ఈ చెర్నకోల. దొర మనిషి ఎనుకనే వచ్చిండు. ‘చెర్నకోల దొరది, పెట్టిపో’ అన్నడు. మా నాయిన జవాబు చెప్పలే. వాకిట్ల ఉన్న మా తాత లేచిండు. ‘తోలు నేను ఒలిచిన. తంగేడు నేను కొట్టుకొచ్చిన. అల్లింది నేను. దొర దీనికి పైస ఇచ్చిండా? అడిగిరా. ఇచ్చిననంటె ఇప్పుడే ఇస్త’ అన్నడు. ఆ మనిషి పోయిండు, మల్ల రాలే. పుట్టినకాడికెళ్లి బాంచెన్ అన్న నోటితోని మా తాత అన్న ఆ మాట నేను నా చెవులతోని విన్న. అప్పు రద్దయిన కాయితం తర్వాత వచ్చింది. నాకైతె మా ఇంటి విడుదల ఆ మాటతోనే అయింది.

కాని ఇంట్ల గొడవ అప్పుడే మొదలైంది. మా నాయిన దాన్ని పొయిల పెట్టుమన్నడు. ‘నా వీపు మీద పడ్డది నా కండ్ల ముంగట వద్దు’ అన్నడు. మా తాత మేకుకు తగిలిచ్చిండు. ఇద్దరిదీ న్యాయమే. 1927ల మహద్‌ల అంబేద్కర్ సచ్చిన గొడ్లను మొయ్యద్దని, ఆ మాంసం తినద్దని చెప్పిండు. సదువుకున్న మా తరం ఆ మాట పట్టుకొని లంద దిక్కు చూడలేదు, మంచిదే. 2009ల కంచ ఐలయ్య తన ‘పోస్ట్ హిందూ ఇండియా’ల మాదిగలను కింది కులాల శాస్త్రవేత్తలుగా నిలబెట్టిండు. అదీ నిజమే. పని వేరు, పని మీద రుద్దిన అంటు వేరు. అంటును కాలబెట్టాలె. విద్యను ఎందుకు కాలబెట్టాలె?

జోతిరావు ఫూలే 1883ల రాసిన పుస్తకానికి ‘షేత్కర్యాచా అసూడ్’ అని పేరు పెట్టిండు. సేద్యగాని చెర్నకోల అని అర్థం. రైతును దోచే పురోహితుని మీద, సర్కారు నౌకరు మీద ఆ చెర్నకోల ఎత్తిండు. అంతకు పదేండ్ల ముందు, 1873ల, ‘గులాంగిరి’ని బానిసత్వాన్ని రద్దుచేసిన అమెరికా ప్రజలకు అంకితం చేసిండు. కొరడా ఎవరి చేతిల ఉందన్నదే చరిత్ర అని ఆయనకు తెలుసు. నేను ఇంకొక్క ప్రశ్న కలుపుతున్న: ఆ కొరడా అల్లింది ఎవలు?

మా తాత 1991ల సచ్చిపోయిండు. పోకముందు దీన్ని ఎట్ల చూసుకోవాల్నో నాకు నేర్పిండు. వానకాలానికి ముందొకసారి, చలికాలం పోయినంక ఒకసారి నూనె పట్టియ్యాలె. ముందుగాల పొడిగుడ్డతోని దుమ్ము తుడిచి, రెండు మూడు చుక్కల ఆముదం అరచేతిల వేసుకొని, చేతివేడి తగిలేటట్టు పిడికెళ్లి కొసకు రుద్దాలె. నూనె ఎక్కువైతె జడ సాగుతది, దుమ్ము పడుతది. తడిస్తె నీడకు ఆరబెట్టాలె, ఎండకు పెడితె తోలు పగులుతది. మడత పెట్టొద్దు, పెద్ద చుట్ట చుట్టాలె. నూనె తాగిన తోలంటె ఎలుకలకు ఇష్టం, అందుకే దూలానికి కట్టాలె. ముసురు పట్టినప్పుడు తెల్లగ బూజొస్తె తుడిచి గాలికి పెట్టాలె. కొసకున్న నూలుపోగు అరుగుతది, అరిగినప్పుడల్ల మార్చాలె.

ఇప్పుడు మా దిక్కు ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. ఆదిభట్లల విమానాల భాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలున్నయి. మోట పోయి మోటరొచ్చింది, ఎద్దులు పోయి ట్రాక్టరొచ్చింది. మేము కూలి చేసిన భూములు ప్లాట్లయినయి. చెర్నకోలతోని ఎవరికీ పనిలేదు. ఇన్స్టిట్యూట్లల్ల తోలు శాస్త్రం చదివెటోళ్లున్నరు, వాళ్ల పుస్తకాలల్ల మా లంద గోలెం ఎంతుందో మన పిల్లలే పోయి చూడాలె.

పోయిన ఎండకాలం నా బిడ్డ దీన్ని దించి, ఆముదం పట్టిచ్చింది. మా నాయిన మంచంల కూసొని చూసిండు. నలభై ఏండ్లకు మొదటిసారి చెయ్యి చాపి దాన్ని అడిగిండు. జడను వేళ్లతోని తడిమి, ‘మీ తాత అల్లిక మంచిగుండె’ అన్నడు. మల్ల తనే మేకుకు తగిలిచ్చిండు.