ఎర్రగడ్డ దాకా ఎర్ర లైన్: ఏడీహెచ్‌డీ, ఓసీడీ చికిత్స చరిత్ర

ఏడీహెచ్‌డీ, ఓసీడీ వైద్యశాస్త్రంలోకి వేర్వేరు దారుల్లో వచ్చాయి. ఇప్పుడు ఏడీహెచ్‌డీ అంటున్న లక్షణాలున్న, నిలకడలేని పిల్లల గురించి లండన్ వైద్యుడు జార్జ్ స్టిల్ 1902లో ఉపన్యసించాడు. భయాన్ని ఎదుర్కొంటూనే పదేపదే కడుక్కోవడం, సరిచూసుకోవడం మానిపించే ఓసీడీ చికిత్సను విక్టర్ మేయర్ 1966లో ప్రచురించాడు.

రెండూ ఒకరిలోనే ఉంటే గుర్తుపట్టడం కష్టం. హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదివే కుర్రాడు ఒకే పేరా నాలుగుసార్లు చదువుతాడనుకుందాం. మనసు మధ్యలో జారిపోయి మళ్లీ మొదలుపెడితే ఏడీహెచ్‌డీ కావచ్చు. అర్థమైనా 'సరిగ్గా చదివానా' అన్న అనుమానం తీరకపోతే ఓసీడీ కావచ్చు. ఇంట్లోవాళ్లు మాత్రం రెంటినీ బద్ధకం కిందే జమకడతారు, అదే అసలు చిక్కు. మందులూ వేరే: ఓసీడీకి సెరటోనిన్‌పై పనిచేసేవి, ఏడీహెచ్‌డీకి మిథైల్‌ఫెనిడేట్ వంటివి. మిథైల్‌ఫెనిడేట్ మాదకద్రవ్యాల చట్టం పరిధిలోది, డాక్టర్ చీటీ తప్పనిసరి.

ఇలాంటి చికిత్స కోసం వెళ్లాల్సిన మానసిక రోగుల ఆసుపత్రి నిజాం కాలంలో జాల్నాలో ఉండేది. 1953లో హైదరాబాద్‌లోని ఎర్రగడ్డకు మారింది. ఎల్బీ నగర్ వాళ్లకు అది ఊరికి అవతలి కొస. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట–ఎల్బీ నగర్ మెట్రో (ఎర్ర లైన్) మొదలయ్యాక రైలు మారకుండానే వెళ్లొచ్చు. ఇక ఖర్చు సంగతి: అదే ఏడాది మే నెలలో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, శరీర రోగాలతో సమానంగా మనోరోగాలకూ బీమా ఇవ్వాలంది. 2022 అక్టోబరులో మొదలైన మానసిక సహాయ ఫోన్ సేవ టెలి మానస్‌కు 14416లో ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.