సజ్జన్ ఠగ్గు కథ

సజ్జన్ ఠగ్గు కథ గురు నానక్ (1469-1539) జీవిత గాథలైన జన్మసాఖీలలోనిది. మోసమును గూర్చిన సిక్కు కథలలో ఇది మిక్కిలి ప్రసిద్ధము.

కథ

సజ్జన్ ముల్తాన్ సమీపమున తులంబా (నేటి పాకిస్తాన్) వద్ద సత్రం నడిపేవాడు. హిందువులకు గుడి, ముస్లింలకు మసీదు కట్టించి, బాటసారులను ఆదరించి, రాత్రివేళ చంపి సొమ్ము దోచేవాడు. నానక్, మర్దానాతో అక్కడ బస చేసి, సూహీ రాగంలో ఒక శబదం పాడాడు. రుద్దితే మసి అంటే కంచు, తీర్థంలో నిలిచి ప్రాణులను మింగే కొంగ, తినడానికి పనికిరాని కాయలు కాసే బూరుగు అందులోని ఉపమానాలు. సజ్జన్ నేరం ఒప్పుకొని, దోచినది పంచిపెట్టి, సత్రాన్ని ధర్మశాలగా మార్చాడంటారు. శబదం గురు గ్రంథ సాహిబ్‌లో ఉన్నది. కథ మాత్రం అందులో లేదు. కనుక దీనిని చరిత్రగా గాక బోధగా చదవడం మేలు.

వ్యాఖ్యానం

'సజ్జన్' అనగా మిత్రుడు, మంచివాడు, మన సజ్జనుడే. కొంగజపం తెలుగువారికి కొత్త కాదు. అయితే 'మోసగాడు దొరికిపోతాడు' అని ఈ కథను కుదించరాదు. సజ్జన్‌ను ఎవరూ పట్టుకోలేదు, తానే ఒప్పుకున్నాడు; ఒప్పుకోలుతో సరిపోలేదు, సొమ్మును వదులుకోవలసి వచ్చింది.

హైదరాబాదు సందర్భం

1832లో వచ్చిన లాహోరీ ఫౌజు సంతతి వలన ఈ కథలకు హైదరాబాదులో పాత పరిచయమే ఉన్నది. అత్తాపూర్ ప్రాంతపు సిక్కు ఛావనీలో వారి గురుద్వారా ఉన్నది. పేరుకూ నడతకూ గల దూరానికి సైబరాబాదు విద్యార్థులకు దగ్గరి ఉదాహరణ సత్యం కంప్యూటర్స్. లేని నగదును లెక్కలలో చూపినట్లు సంస్థ ఛైర్మన్ 2009 జనవరి 7న లేఖలో ఒప్పుకున్నారు. ప్రత్యేక న్యాయస్థానం 2015 ఏప్రిల్ 9న పదిమందిని దోషులుగా నిర్ధారించింది.