ఎడిసన్ పరీక్షలో ఐన్‌స్టీన్ ఫెయిల్!

పెద్ద కంపెనీల ఇంటర్వ్యూలనగానే మనవాళ్ళు గూగుల్‌నీ మైక్రోసాఫ్ట్‌నీ తిట్టుకుంటారు గానీ, ఈ తద్దినం వందేళ్ళ నాటిది. బల్బు ఎడిసన్ ఉన్నాడే, ఆయన ఉద్యోగానికొచ్చిన డిగ్రీవాళ్ళకి వందకు పైగా ప్రశ్నలతో పరీక్ష పెట్టేవాడు. ఫ్రాన్సు సరిహద్దు దేశాలేవి, వోల్గా నది ఎక్కడుంది... ఇలాంటివి. వోల్గాకీ బల్బుకీ సంబంధమేంటో ఆయనకే తెలియాలి! 1921లో ఆ ప్రశ్నలు పేపర్లకెక్కాయి. అదే ఏడాది అమెరికా వచ్చిన ఐన్‌స్టీన్‌ని బోస్టన్‌లో అందులోదే ఒకటి అడిగారు: ధ్వని వేగం ఎంత? పుస్తకాల్లో దొరికేదాన్ని బుర్రలో మోసుకు తిరగనన్నాడాయన. అంతే, ఐన్‌స్టీన్ ఫెయిలని పత్రికలో హెడ్డింగు పెట్టేశారు.

తర్వాత మైక్రోసాఫ్ట్ వంతు. మ్యాన్‌హోల్ మూత గుండ్రంగా ఎందుకుంటుంది లాంటి పజిళ్ళు. 2003లో వీటి మీద విలియం పౌండ్‌స్టోన్ ఏకంగా పుస్తకమే రాశాడు. జవాబులు బజార్లో దొరుకుతుంటే ఇక పరీక్షించేది బుర్రనా, బట్టీనా? 2013లో గూగుల్ హెచ్చార్ పెద్ద లాస్లో బాక్, ఈ పజిళ్ళు శుద్ధ దండగని న్యూయార్క్ టైమ్స్‌తో ఒప్పుకున్నాడు. అడిగేవాడికి తానేదో తెలివైనవాణ్ణన్న తృప్తి తప్ప వీటివల్ల ఒరిగేదేమీ లేదన్నాడు.

పజిళ్ళు పోయినా బైనరీ ట్రీలు మిగిలాయి. మ్యాక్ వాడేవాళ్ళకి హోమ్‌బ్రూ తెలిసే ఉంటుంది. దాన్ని రాసిన మ్యాక్స్ హోవెల్ 2015లో ట్విట్టర్లో వాపోయాడు: గూగుల్ ఇంజనీర్లలో 90 శాతం తన సాఫ్ట్‌వేరే వాడతారట, కానీ వైట్‌బోర్డు మీద బైనరీ ట్రీని తిరగెయ్యలేడని తనని పొమ్మన్నారట.

నేనూ ఈమధ్య లీట్‌కోడ్ మొదలెట్టా. ఆ ట్రీ తిప్పడం ఐదారు లైన్ల కోడే లెండి. ఆఫీసులో మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క ట్రీనీ తిప్పిన పాపాన పోలేదు.