చక్రము చెప్పిన లెక్క

మోటారుకారు నడుపువాని యెదుట గుండ్రని పలక యొకటి యుండును. దానిమీద ముల్లు కదలుచు వేగమును తెలుపును. ముల్లు క్రింద చిన్న కిటికీలో అంకెలు దొర్లుచు నడచిన దూరమును తెలుపును. వేగము చెప్పునది స్పీడోమీటరు, దూరము చెప్పునది ఓడోమీటరు. ఒకే పలకమీద నుండుటచేత ఈ రెండును ఒకే యంత్రమని పలువురు తలంతురు.

నా మిత్రు డొకడు పాత కారు కొనబోవుచు నన్ను తోడు పిలిచెను. అంకెలు 40,000 కిలోమీటర్లు చూపుచుండెను. కాని బ్రేకు పెడలుమీది రబ్బరు అరిగి లోపలి ఇనుము బయటపడియుండెను. ఎక్కి కొంతదూరము పోయితిమి. ముల్లు చక్కగా ఆడుచున్నది, అంకెలు మాత్రము కదలలేదు. "ముల్లు తిరుగుచున్నది గదా, మీటరు బాగుగనే యున్నదండీ" అని అమ్మువాడు పలికెను. ఆ మాటలోని పొరపాటు తెలియవలెనన్న ఈ రెండు యంత్రముల పుట్టుక తెలియవలెను.

దూరపులెక్క మిక్కిలి పురాతనమైనది. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దిలో విట్రూవియస్ అను రోమను వాస్తుశాస్త్రజ్ఞుడు తన గ్రంథపు పదియవ భాగమున, పూర్వులవలన వచ్చినదని చెప్పుచు, ఇట్టి బండిని వర్ణించెను. నాలుగడుగుల వ్యాసముగల చక్రము ఒకమారు తిరిగిన పండ్రెండున్నర అడుగులు నడచునని ఆయన లెక్క. చక్రము తిరిగినప్పుడెల్ల 400 పండ్లుగల మరియొక చక్రము ఒక్క పన్ను జరుగును. 400 మార్లు తిరుగగా 5,000 అడుగులు, అనగా ఒక రోమను మైలు పూర్తియగును. అప్పుడొక గులకరాయి కంచుపాత్రలో చప్పుడగునట్లు పడును. సాయంకాలమున రాళ్లు లెక్కించిన చాలును. ఇందొక చిన్న లోపమున్నది. నాలుగడుగుల చక్రపు చుట్టుకొలత నిజమునకు పండ్రెండున్నర అడుగులకంటె ఇంచుక యెక్కువ, కావున మైలునకు సుమారు 26 అడుగుల తేడా వచ్చును. చక్రపుకొలత తప్పినచో పండ్లెంత చక్కగా కోసినను లెక్క తప్పుననుట ఇప్పటి కార్లకును చెల్లును. చీనాదేశమునను దూరమును చాటు బండ్లుండెడివి. వాటిలో కొయ్యబొమ్మ యొకటి లీ అను కొలతకొకమారు డోలు కొట్టెడిది.

నాకు అన్నిటికంటె ప్రియమైనది 1847 నాటి వృత్తాంతము. అమెరికాలో మోర్మను మతస్థులు బండ్లు కట్టుకొని పడమటికి వలసపోవుచుండిరి. వారిలో విలియం క్లేటన్ అనునతడు దినదినమును నడచిన దూరమును వ్రాసిపెట్టుచుండెను. అతని అంచనాకును తోడివారి అంచనాకును రెండు మొదలు నాలుగు మైళ్లవరకు తేడా వచ్చెడిది. నీవే తక్కువ చెప్పుచున్నావని అందరును అతనిని తప్పుపట్టిరి. అతడు బండిచక్రమును కొలిచి చూచెను. చుట్టుకొలత 14 అడుగుల 8 అంగుళములు, కావున మైలునకు సరిగా 360 చుట్లు. మే 8వ తేదీన బండి ప్రక్కన నడచుచు చుట్లను లెక్కించెను. 4,070 అయ్యెను, అనగా పదునొకటింబాతిక మైళ్లకు కొంచెము పైన. ఆ దినమే తోడివారు పదమూడనియు పదునాలుగనియు చెప్పుకొనుచుండిరి! ఇది వట్టి పంతము కాదు. వెనుక రాబోవు కుటుంబములు నీరెక్కడ, గడ్డియెక్కడ, మజిలీ యెక్కడ అని ఆ లెక్కనే నమ్మి నడువవలసియున్నది. కొలది దినములలోనే ఆపిల్టన్ హార్మన్ అను వడ్రంగి కొయ్యపండ్లతో లెక్కించు యంత్రమును చేసిపెట్టెను. ఆ లెక్కలతో 1848లో క్లేటన్ దారిచూపు పుస్తకము అచ్చువేయించెను.

వేగమును కొలుచుటకు గులకరాళ్లు పనికిరావు. 1824లో ఆరాగో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, రాగిపళ్లెము తిరుగుచుండగా దానిని తాకకయే అయస్కాంతసూది దానివెంట లాగబడుట గనెను. 1831లో ఫారడే దాని కారణమును తెలిపెను. ఇంగ్లండులో 1903 నాటి చట్టము కార్ల వేగమును గంటకు ఇరువది మైళ్లకు కట్టడిచేసెను. పోలీసువాని చేత గడియార ముండగా, నడుపువానికిని తన వేగము తెలియుట అవసరమయ్యెను. అంతకు ముందే, 1902లో, స్ట్రాస్‌బుర్గు నగరవాసి ఓటో షుల్జె ఆరాగో చూచిన విశేషముతోనే వేగముకొలతకు పేటెంటు పొందెను.

ఇక మన కారు సంగతి. గేరుబాక్సునుండి ఒక కేబులు తిరుగుచు పలకవరకు వచ్చును. అనేక అమెరికా కార్లలో ఇది మైలునకు 1,000 చుట్లు తిరిగెడిది. పలకవెనుక కేబులు పని రెండుగా చీలును. ఒకవంక పండ్లచక్రములు అంకెలను దొర్లించును, ఇది విట్రూవియస్ పద్ధతి. వేరొకవంక అయస్కాంతము తిరుగుచు లోహపుగిన్నెను లాగును. సన్నని స్ప్రింగు దానిని వెనుకకు పట్టియుంచును. ఆ గిన్నెకు తగిలించినదే ముల్లు.

కావున ముల్లును అంకెలును రెండును ఆగినచో కేబులునో దాని మొదటి పండ్లచక్రమునో చూడవలెను. ముల్లు వణకినచో కేబులు వంగియో చమురు లేకయో యుండవచ్చును. అంకెలు దొర్లుచు ముల్లు మాత్రము ఆగినచో దోషము గిన్నె, స్ప్రింగుల వైపున నుండును. అయస్కాంతము బలహీనమైన ముల్లు తక్కువ చూపును, స్ప్రింగు సడలిన ఎక్కువ చూపును. రెండును ఒకే పాళ్లలో తప్పినచో టైరును కొలువుడు. అరిగిన టైరు చిన్నదై యెక్కువమార్లు తిరుగును గనుక నడువని దూరమునుగూడ లెక్కకట్టును. పరీక్షకు కిలోమీటరు రాళ్లును గడియారమును చాలును. ముల్లు అరువదివద్ద నిలుకడగా నుండగా, ఒక రాయినుండి మరొక రాయికి అరువది సెకండ్లు పట్టవలెను. ఈ వివరమంతయు కేబులుగల పాతకార్లకే. క్రొత్తవాటిలో విద్యుత్సంకేతములే రెంటికిని ఆధారము.

అంకెలను వెనుకకు త్రిప్పి అమ్ము మోసమునుగూర్చి అమెరికాలో 1972లో చట్టమే చేయవలసివచ్చెను. మా కారు విషయమున ఎవరును త్రిప్పినట్లు లేదు. మిస్త్రీ పలక విప్పి చూచి, చిన్న పండ్లచక్రమున రెండు పండ్లు విరిగినవని అరచేతిలో పెట్టి చూపెను. ముల్లు ఆడినన్నాళ్లు దానిని ఎవ్వరును పట్టించుకొనలేదు, ఎన్నియేండ్ల దూరము లెక్కకు రాకపోయెనో! మిత్రుడు ఇంజను ధ్వని విని, టైర్లను తట్టి చూచి, కారు కొనెను గాని 40,000 అను అంకెకు మాత్రము వెల కట్టలేదు.